తూట్ల బాబాయ్ వెనక్కి లాగించిన గన్

గుర్తింపు కార్డు మీద తప్ప ఆయన అసలు పేరు ఎక్కడా వినపడేది కాదు. సముద్రం మధ్య ఉన్న ఆ చమురు ప్లాట్‌ఫారం మీద అందరికీ ఆయన తూట్ల బాబాయే. బావి తవ్వి, ఉక్కు గొట్టం దించి, చుట్టూ సిమెంటు పోశాక చమురు లోపలికి రావడానికి దారి ఉండదు. మందుగుండ్లు అమర్చిన సన్నని పొడవాటి గన్ ఒకటి దించి పేలిస్తే ఉక్కుకీ, సిమెంటుకీ, రాతికీ తూట్లు పడతాయి. ఇరవయ్యారేళ్లుగా ఆ గన్ నింపింది ఆయన చేతులే.

"ఇంట్లో గోడకి మేకు కొట్టమంటే మూడు నెలలు. సముద్రం అడుగున తూట్లంటే మాత్రం ఉరుకులు పరుగులు" అని భార్య దెప్పేది.

ఆ ఏడు మూడో బావి చమురుతో పాటు ఇసుక కక్కింది. గరుకు కాగితంలా రుద్దీ రుద్దీ ఆ ఇసుక పైన గొట్టం వంపునే అరగదీసింది. బావి మూసేశారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అయినా బాబాయ్‌కి ముద్ద దిగలేదు. ఆ తూట్లు తను పొడిచినవే మరి.

నాలుగో బావి దాదాపు అడ్డంగా సాగింది. దాని కోసం కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ, ఒడ్డున గోదాములో రాతి నమూనాల పెట్టె ముందు ఆయన్ని కూర్చోబెట్టింది.

"ఇది గోటితో గీకండి బాబాయ్."

గీకాడు. పొడిపొడిగా రాలింది.

"ఈ మెత్తటి రాయిని వదిలేద్దాం. గట్టి రాతిలోనే సన్నగా, లోతుగా పొడుద్దాం. అదీ చుట్టూరా కాదు, పైకీ కిందికీ మాత్రమే. ఇక్కడ పైనుంచి నొక్కే బరువు ఎక్కువ. పక్కలకి పొడిస్తే ఆ తూట్లు కూలి ఇసుక రాలుతుంది."

"లోపల గన్ తిరిగిపోతేనో?"

"దానికి బరువు కడతాం. బరువు కిందికే లాగుతుంది కదా, గన్ కూడా దానితోనే సర్దుకుంటుంది."

"ఇన్నాళ్లూ చుట్టూ పొడిచి మురిసిపోయానమ్మాయ్" అన్నాడు బాబాయ్.

పని రోజున పన్నెండు ముక్కలు కలిపి గన్ తయారు చేశాడు. ప్రతి అతుకు దగ్గరా రెండు ముక్కల మీదా ఒకే అంకె ఉన్న గీతలు కలవాలి, లేదంటే తూట్ల దిక్కు తప్పుతుంది. గన్ సగం దిగాక, సంతకం కోసం కాగితం చేతికిచ్చారు. అక్షరాలు కనపడక దాన్ని చేయి చాచినంత దూరం పెట్టాడు. అప్పుడు ఆయన గుండెల్లో రాయి పడింది. ఏడో అతుకు దగ్గర తను కలిపింది సరైన గీతేనా, దాని పక్క గీతా?

తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"గన్ పైకి లాగించండి సార్."

"సగం దిగాకా? ఎందుకు?"

"ఏడో అతుకు నాకు సరిగ్గా కనపడలేదు. ఏడాదిగా దగ్గరివి మసకే. ఎవరికీ చెప్పలేదు."

మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఒక రోజంతా పోతుంది, తెలుసా?"

"పక్కలకి పేలితే బావే పోతుంది సార్, లాగిద్దాం" అంది ఇంజనీరమ్మ.

పేలని గన్‌ని పైకి తేవడం ఆషామాషీ కాదు. తరంగాలకి మందు పేలకుండా రేడియోలు ఆపేశారు, పని లేనివాళ్లని దూరంగా పంపేశారు, అంగుళం అంగుళం లాగారు. తీరా చూస్తే ఏడో అతుకు నుంచి కింది ముక్కలన్నీ పక్కకి తిరిగి ఉన్నాయి.

మళ్లీ కలిపారు. ఇంజనీరమ్మ గీతలు పైకి చదివింది, ఆయన బిగించాడు. మర్నాడు ఉదయం పేలిస్తే గన్‌ని దించిన తీగ చిన్నగా అదిరింది, అంతే. గొట్టానికి తగిలించిన ఇసుక పసిగట్టే పరికరం మొదటి గంట కాస్త గీరినట్టు వినిపించి సద్దుమణిగింది. ఏడాది తర్వాత గొట్టం వంపుని కొలిచి చూస్తే అరుగుదల లేదు.

గన్ పేల్చిన రోజునే, ఇక పనికి రావద్దంటారేమోనని బాబాయ్ భయపడ్డాడు. మేనేజరు కళ్ల డాక్టరు దగ్గరికి పంపాడు. ముఖంలో సగం కప్పే కళ్లజోడుతో తిరిగొచ్చాడాయన. ఆ తర్వాత ప్రతి గీతనీ ఇద్దరు చదివితే గాని సంతకం పెట్టలేదు. ఒకసారి ఇంజనీరమ్మ సెలవులో ఉంటే, మేనేజరునే మోకాళ్ల మీద కూర్చోబెట్టి పదకొండు అతుకులూ పైకి చదివించాడు.