గాదెలో పట్టని మార్టూరు

మే 6, 1987, బుధవారం. పొద్దున్నే ఆశ్చర్యం! పత్తి తెగుళ్ల సర్వే కాగితాలన్నీ ఎక్కించడానికి డేటాబేస్ ఎంచుకునే కాలేజీ కమిటీలో విద్యార్థుల తరఫున నన్ను కూర్చోబెట్టారు. ఆ డేటాబేస్‌కు ‘వివరాల గాదె’ అని పేరు పెట్టుకుని, పద్నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లాను.

రెండు కంపెనీలవాళ్లు వచ్చారు. మొదటాయన గాదెలో గుంటూరు, మా ప్రకాశం రెండు జిల్లాల కాగితాలూ పడతాయి. రెండో ఆయనది చిన్నది, కానీ దానికి ఏసీ గది కావాలి. ఆ మాట వినగానే చెమటలు తుడుచుకుంటున్న ప్రిన్సిపాల్ గారు నిటారుగా కూర్చున్నారు.

“ఏసీ రోజంతా వేసే ఉంచాలాండీ?”

“తప్పదండి. ఆపితే మిషను పాడైపోద్ది.”

“అయితే ఇదే ఖాయం.”

“సార్, దీంట్లో గుంటూరు జిల్లాయే పడుతుంది. మరి మా మార్టూరు కాగితాలో?” అన్నాను.

“ప్రకాశం సంగతి తర్వాత చూద్దాం లేవయ్యా. ముందు ఆ ఫ్యాను ఇటు తిప్పు.”

మూడు నెలలు చేలగట్ల మీద తిరిగి మా రైతుల్ని అడిగి రాసుకొచ్చిన కాగితాలవి. ఫ్యాను తిప్పాను. ప్రశ్నలు జేబులోనే ఉండిపోయాయి.

సర్వే కాగితాల కట్టల్లో పైనున్నదాన్ని ముందు ఎక్కిస్తారట. గుంటూరు మిత్రులకు కోపమొస్తే, నోటీసుబోర్డు మీదున్న ఈ కాగితం కిందే రాయండి. రేపు పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి, మార్టూరు కట్టను అన్నిటికన్నా పైన పెడతాను.