దొర ఒక్కడే నవ్విన ఆట

ఆ మాట అరిచింది సాయన్న కాదు, నేను. ముప్పై ఏళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కిందటి నెల హాలియాలో ఒక పెళ్లి పందిట్లో గ్యాసులైటు వాసన తగిలింది. ఇక దాచలేననిపించింది.

నిజాం పాలన చివరి రోజులవి. జొన్నలు కల్లాల నుంచి ఇళ్లకు చేరి, ఎండ ముదురుతుండగా, ఆత్మకూరు నుంచి ఎడ్లబండి మీద సినిమా డేరా మా ఊరికి వచ్చేది. పట్నాల్లో ఆడి ఆడి గీతలు పడిన అమెరికా మూగ హాస్యాలను, వేయించిన పల్లీలు, బెల్లం ముక్కలు జేబుల్లో నింపుకుని చూసేవాళ్లం. డప్పు కొట్టి చాటింపు వేసే సాయన్నే తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు. చదువు రాదు, తెర మీది ఇంగ్లీషు అక్షరాలతో అతనికి పనే లేదు. తెల్లవాళ్లు మీగడ రొట్టెలు ముఖాలకేసి కొట్టుకుంటుంటే మా అవ్వకు ప్రాణం పోయేది.

"తినే బువ్వ నేలపాలు జేస్తున్నరేందిరా సాయిగా?"

"ఆళ్లకు అరగదవ్వా, గందుకే!"

ఆ గొంతును పిల్లలమంతా పొద్దస్తమానం అనుకరించేవాళ్లం.

మా ఊరి దొర వస్తే ఎవరైనా లేచి, చెప్పులు విప్పి చేత పట్టుకుని, తల వంచాలి. ఆ సాయంత్రం దొర ఆట మొదలయ్యాక వచ్చి, చీకట్లో ఎవరికీ తెలియకుండా డేరా వెనక వైపు కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద బక్క కూలీ నిచ్చెనెక్కి సున్నం వేస్తుంటే, పొడుగు టోపీ పెట్టుకున్న లావుపాటి యజమాని నడిచొచ్చాడు. సాయన్న పక్కనే కూర్చున్న నేను అచ్చం అతని గొంతుతో "దొరొస్తుండు!" అని అరిచాను. చీకట్లో డేరా అంతా చెప్పులు చేతబట్టుకుని లేచి తల వంచింది, తెర మీది ఆ తెల్లాయనకు! అప్పుడే సున్నం బకెట్టు ఆయన నెత్తిన పడింది. ఎవరికి లేచామో తెలిసి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

గ్యాసులైటు వెలిగింది.

"ఎవడ్రా గట్ల అన్నది?" అన్నాడు దొర.

"నేను గాదు దొరా, నీ బాంచెన్," అని సాయన్న నా వైపు చూశాడు. చూశాడంతే. నాలాంటి కాపోళ్ల పిల్లవాడి పేరు అతని నోట వస్తే అది ఇంకో నేరమయ్యేది. నేను ఒప్పుకుంటే నాకు పడేది ఒక చెంపదెబ్బ. ఒప్పుకోలేదు.

తెర పక్కనే అతణ్ణి వంగబెట్టి, వీపు మీద బండ పెట్టి, ఆట నడవనిమ్మన్నాడు దొర. కథ చెప్పేవాడు లేని బొమ్మను మేమంతా చివరిదాకా చూశాం. దొర ఒక్కడే నవ్వాడు. ఆ దొర మీద, కదలని ఆ జనం మీద నాకింకా కోపమే. జేబులో పల్లీలు గుప్పిట పట్టుకుని కూర్చున్న ఆ పిల్లవాడి మీద మరీ కోపం.

ఆ హాస్యాలు మొదట అమెరికా నాటకశాలల్లో పుట్టాయనీ, ఉన్నవాడి నెత్తిన బకెట్టు పడితే లేనివాళ్లు పగలబడి నవ్వేవారనీ తర్వాత చదివాను. అక్కడ నవ్వినవాడు ఇంటికి నడిచి వెళ్లాడు. సాయన్నను మోసుకెళ్లారు.

డేరా రావడం మానేసింది. దొర ఉండే గడీ గోడలు కూలాయి. ఆ రోజులే వేరని మావాళ్లు ఇప్పుడు మురిసిపోతుంటే ఒళ్లు మండుతుంది. నడుము లేవని సాయన్న ఇంకా ఉన్నాడు. పోయిన వారం అతని వాకిట్లో కూర్చుని, గొంతు తగ్గించి, చెప్పాను.

"నాకెర్కలేదా? నా పక్కకెల్లే గద ఒర్లినవ్," అన్నాడు. నా వైపు చూడనైనా లేదు. "గింత మెల్లగ చెప్తున్నవేంది పటేలా? గా దినం డేరంత ఇనబడేటట్టు ఒర్లితివి!"

లేచి వీధి మధ్యకు వచ్చాను. ఇరుగుపొరుగు తలుపుల్లోకి వచ్చి చూస్తున్నారు. ఊహ తెలిశాక మొదటిసారి అతణ్ణి వరస కలిపి పిలిచాను.

"పెద్దయ్యా, తప్పయింది! గా దినం డేరల ఒర్లింది నేనే!"