రెండో నల్ల ఫొటో

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకుని నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి తేలికపడేవాణ్ణేమో. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గర ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పెళ్లిఫొటోలు తీయడం నా పని. వాటిని కంప్యూటర్‌లో దిద్దడం పార్వతప్ప పని. అక్కని మేం అప్ప అంటాం. ఆమె తండ్రీ మా నాన్నా రైల్వే వర్క్‌షాపులో కలిసి పనిచేశారు. చెంప మీద మచ్చ తీసేసినా మనిషి మారకుండా తీసేది. నల్లకోటు మీద ఒక్క మడత పోనిచ్చేది కాదు.

స్టూడియోకి మానిటర్ కావాల్సొచ్చి, ఎవరో వాడేసినది నేనే కోల్‌కతాలో ఏరి తెచ్చాను. కొత్తదానికేం తీసిపోదని యజమాని దాదా దగ్గర గొప్పలు పోయాను. అప్పటినుంచి ఆల్బమ్‌లు చీకటిగా రావడం మొదలైంది. కోటు మడతలు, జడ పాయలు, అన్నీ కలిసి ఒకే ముద్ద. పెళ్లివాళ్లు తిరిగి తెచ్చి మొహాన కొట్టారు. తెర మీద నలుపు బూడిదరంగులో కనిపిస్తోందని, అందుకే ఇంకా నలుపు చేయాల్సొస్తోందని అప్ప చెప్పింది. తప్పు తెరదా, ఆమె కళ్లదా? తేల్చమని దాదా నాకే అప్పగించాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

తేల్చడం కష్టమేమీ కాదు. గది చీకటి చేసి, తెరంతా తెల్లగా పెట్టి ఒక ఫొటో, నల్లగా పెట్టి ఒక ఫొటో తీయాలి. మధ్యలో కెమెరాను కదపకూడదు, షట్టర్ వేగం మార్చకూడదు. రెండింటి వెలుగుకీ ఎన్ని రెట్లు తేడా ఉందో చూస్తే తెర సత్తా తెలిసిపోతుంది. ముందు ఒక్కణ్ణే తీసి చూశాను. నల్ల ఫొటో పొగలా వచ్చింది. అప్ప చెప్పిందే నిజం.

అప్పుడే దాదాకి ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? పోదు. రెండు రోజులు అరిచి ఊరుకునేవాడు. కానీ పదిమందిలో ‘నీకేం తెలీదు’ అనిపించుకోవడమంటే నాకు చచ్చేంత నామోషీ. అంతకన్నా పెద్ద కారణం కోసం చాలాకాలం వెతికాను, దొరికితే కాస్త గౌరవంగా ఉంటుందని. దొరకలేదు.

దాదానీ అప్పనీ పిలిచి మళ్లీ తీశాను. తెల్లది సరిగ్గానే తీశాను. నల్లదాని దగ్గరికొచ్చేసరికి, బొటనవేలితో షట్టర్ వేగం పెంచి, లోపలికి పడే వెలుగు తగ్గించేశాను. ఫొటో బొగ్గులా వచ్చింది. కెమెరా వెనక చూపించాను.

“ఏటిరా, ఇంత నలుపుగున్నాదా? నాకు బూడిదనాగ కనిపిస్తంది.”

“కెమెరాకి కనిపించిందప్పా. నా మాట కాదు.”

“అయితే నా కళ్లే పోనాయి కావాల.”

“వయసొస్తంది కదప్పా.”

దాదా “ఠీక్ హై” అని వెళ్లిపోయాడు.

ఆమెను ఫొటోలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కొన్నాళ్లకి తనే మానేసింది. తర్వాత నేనే ఏదో వంక చెప్పి మానిటర్ మార్పించాను. ఆల్బమ్‌లు బాగుపడ్డాయి. అదంతా ఆమె స్థానంలో వచ్చినవాడి పనితనం అనుకున్నారు. 

కళ్లడాక్టరు ఏ లోపమూ లేదన్నాడట. అప్ప నమ్మలేదు. కెమెరాకి దొరికింది డాక్టరుకి దొరకలేదని అందరికీ చెప్పుకుంది. సూదిలో దారం ఎక్కించడం మానేసింది. బియ్యంలో రాళ్లు ఏరడం కోడలికి వదిలేసింది. పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు. తన చూపు మీద తనకే నమ్మకం పోయిన మనిషి ఏం చూసుకుంటుంది?

మొన్న నిమ్‌పురా రైల్వే యార్డు దగ్గర ఎదురైంది. పట్టపగలు. ఫుట్‌బ్రిడ్జి ఎక్కుతూ నా మోచెయ్యి పట్టుకుంది. పైకి చేరాక, యార్డులో దూరంగా ఉన్న వ్యాగన్ మీద సుద్దతో రాసిన అంకెలు ఊరికే పైకి చదివింది. ఒక్కటీ తప్పు పోలేదు. దిగేటప్పుడు మాత్రం ప్రతి మెట్టూ కాలితో తడుముకుంది. కిందికొచ్చాక, “నువ్వుండబట్టి దిగినానురా” అంది.

అప్పా, నీ కళ్లు బాగున్నాయి. పాడైంది తెర. నాకప్పుడే తెలుసు. ఆ మాట అనకుండా, “జాగ్రత్తప్పా” అని వచ్చేశాను. ఇక్కడ రాయగలిగాను. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమె మాత్రం ఇవాళ కూడా మెట్లు తడుముకుంటూనే దిగుతుంది.