పొగ వెనక నారింజ

గౌతమి మందు ముట్టదు. అయినా నాచారంలోని ఒక మద్యం ఫ్యాక్టరీ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా ఆమె పని మందును వాసన చూడటం, చెంచాడు నోట్లో తిప్పి ఉమ్మేయడం. జనగామ నుంచి కెమిస్ట్రీ డిగ్రీతో వచ్చి, ఉప్పల్‌లో కాపురం పెట్టి, ముక్కును నమ్ముకుని బతుకుతున్న మనిషి. ఆ ముక్కు ఎక్కడ మొద్దుబారుతుందోనని పొద్దున పూట తాలింపులో ఇంగువ కూడా వేయదు.

స్కాట్లాండ్ నుంచి పొగవాసన స్కాచ్ మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు దవాఖానా గుర్తొచ్చింది. గాయానికి పూసే టింక్చర్ వాసన! నాలుగు రోజులు పోయాక ఆ పొగ వెనక దాగిన తేనె, ఉప్పు, నిప్పుల మీద కాల్చిన మక్క కంకి ఒక్కొక్కటే బయటపడ్డాయి. అక్కడి చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా గట్టిపడిన గడ్డిమట్టిని తవ్వి కాలుస్తారు. మొలకెత్తిన బార్లీని ఆ పొగలోనే ఆరబెడతారు. దాంతో కాచిన మాల్టు విస్కీని ఏళ్లకేళ్లు పీపాల్లో ఉంచి, వేరే ఊళ్ల మాల్టులతో పాళ్లు చూసి కలుపుతారు. ఆ కలపడమంతా అక్కడే. నాచారంలో చేసేదల్లా ఘాటు తగ్గడానికి శుద్ధి చేసిన నీళ్లు పోసి సీసాల్లో నింపడం.

మొన్న మార్చిలో కొత్త సరుకులో నీళ్లు కలిపాక గౌతమి గ్లాసు ఎత్తింది. ముందు పొగ వచ్చింది. వెనకాలే రావలసిన తేనె రాలేదు. నారింజ తొక్క వచ్చింది.

ఆమె నేరుగా సీసాలు నింపే సూపర్‌వైజర్ దగ్గరికి పోయింది.

"కొమురెల్లన్నా, ట్యాంకుకు ఏ పైపు పెట్టిన్రు?"

"పోయిన వారం ఆరెంజ్ వోడ్కాకు వాడిందే మేడం. కొత్తది రాలే. మూడుసార్లు కడిగినం."

"రబ్బరు పీల్చుకున్న వాసన నీళ్లకు పోతదా అన్నా!"

పోయి విషయం చెబితే మేనేజర్ గిరిప్రసాద్ ల్యాబు రిపోర్టు మీంచి తలెత్తలేదు. "ఆల్కహాల్ సరిపోయింది, రంగు సరిపోయింది. మీ ముక్కు కోసం లారీ ఆపమంటారా గౌతమి గారూ?"

"జర మీరొక్కసారి వాసన సూడున్రి సార్."

చూశాడు. "పొగ వస్తోంది కదండీ! జనం కొనేది దానికోసమేగా."

సీసాలు నింపారు, లారీ వెళ్లిపోయింది. గౌతమికి ఒళ్లు మండిపోయింది. రిజిస్టరులో "నారింజ వాసన ఉంది, నేను ఒప్పుకోను" అని రాసి సంతకం పెట్టింది. రివాజు ప్రకారం స్కాట్లాండ్‌కు పంపే నమూనాకు ఆ మాటే జతచేసింది. పన్నెండు రోజులకు జవాబొచ్చింది: నారింజ నిజమే, అమ్మకం ఆపండి.

దుకాణాల నుంచి పెట్టెలు వెనక్కి వచ్చాయి. వాటితోపాటు గౌతమికి మెమో వచ్చింది. లోపం ముందే తెలిసినా గట్టిగా ఎందుకు చెప్పలేదో సంజాయిషీ ఇవ్వాలట!

"ఇంగెంత గట్టిగ చెప్పాలె? అరవాల్నా?" అంది కొమురెల్లితో, కాగితం చేతిలో నలిపేస్తూ.

"కోపంల రాజీనామా గిట్ల రాయకున్రి మేడం," అన్నాడతను భయంగా.

రాయలేదు. మెమోకు రిజిస్టరు పేజీ జిరాక్స్ తీసి జతచేసింది, అంతే. దానికి జవాబూ రాలేదు, క్షమాపణా రాలేదు. స్కాచ్‌కు విడిగా కొత్త పైపు మాత్రం వచ్చింది. ల్యాబు సంతకం లేనిదే ఒక్క సీసా నింపకూడదని నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఈ మంచి ఆలోచన గిరిప్రసాద్ గారిదని కింద రాశారు. గౌతమి అది చదివి, పళ్లు నూరుకుంటూ ల్యాబులోకి వెళ్లి, ఆ పూట నమూనాల మూతలు తీసింది.