కుంకుమ భరిణె మూత

నిన్న మా వార్డుకు కౌన్సిలర్‌గా నిలబడినామె ఓటడగడానికి వచ్చి నాకు బొట్టు పెట్టింది. ఆ కుంకుమ వాసన నన్ను ఎనిమిదేళ్ల పిల్లను చేసేసింది.

అప్పుడు చిత్తూరులో మా అమ్మ నిలబడింది. కొళాయికి నీళ్లు రావడం లేదని కోపమొచ్చి నామినేషన్ వేసింది, అంతే. వెనక ఏ పార్టీ లేదు. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటడిగేది. కుంకుమ భరిణె మోసేది నేను.

వీధి చివరింట్లో రాజమ్మవ్వ ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. అమ్మ దండం పెట్టగానే, ఏం గుర్తొచ్చిందో ఏమో, అవ్వ నుదురు ముందుకు వంచింది. అమ్మ నా చేతిలోని భరిణె మూత టక్కున మూసేసింది.

కుంకుమ అయిపోయిందనుకుందేమోనని, "అమ్మా, ఇంకా శానా ఉండాది, సూడు" అన్నాను. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

అక్కడేమీ లేకపోయినా అవ్వ పైటకొంగుతో నుదురు తుడుచుకుంది. "నా ఓటు నీకేలే, పోయిరా" అంది.

అమ్మ ఓడిపోయింది. ఆ తర్వాత ఎంత చుట్టయినా అవ్వ ఇంటి ముందు నుంచి కాకుండా పక్కవీధిలోంచే బజారుకు వెళ్లేది.

నాయన పోయి రెండేళ్లు. నిన్న నాకు బొట్టు పెట్టినామె, నా వెనక నిలబడ్డ అమ్మను చూసి భరిణె మూత టక్కున మూసింది.

"నా ఓటు నీకేలే, పోయిరా" అంది అమ్మ.