బ్రూచా, బ్రోయ్చా?

పెళ్ళయి నేను ముంచింగిపుట్టు వచ్చేసరికి మావారు కిరాణా కొట్టు ముందు చిన్న అద్దాల గది కట్టించి ఎస్టీడీ బూత్ పెట్టారు. సాలూరులో పదో తరగతి దాకా చదువుకున్నానని ఆ కుర్చీ నాకు అప్పజెప్పారు. లైను కలిసేదాకా మళ్ళీ మళ్ళీ నంబరు నొక్కడం, కలిశాక అవతలివాళ్ళకి వినపడేలా అరవడం నా పని. సంతకి కొండల మీంచి దిగినవాళ్ళలో చాలామంది రిసీవరు పట్టుకోవడానికి జంకేవారు. వాళ్ళ మాట కూడా నేనే మాట్లాడేదాన్ని.

ఒక సంతరోజున ఒక మాస్టారు వచ్చారు. పై కొండ ఊళ్ళో బడిపంతులు. అక్కడి చిన్న చర్చిలో పాటలకి గిటారు వాయించేదీ ఆయనే. దుప్పట్లో చుట్టి వీపున కట్టుకొచ్చిన గిటారుని విప్పి మా బియ్యం బస్తా మీద ఆనించారు. మైదానంలోని మిషన్ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసిన విదేశీ నర్సమ్మ తన దేశం వెళ్ళిపోతూ దాన్ని ఆయనకిచ్చిందట. తల దగ్గర తీగల్ని బిగించే మరల్లో ఒకటి విరిగిపోయింది. క్రిస్మస్ దగ్గర పడుతోంది.

"విశాఖపట్నంలో గిటార్లు అమ్మే షాపుకి ఫోన్ సెయ్యాలమ్మా. ఈ కంపెనీది మర కావాలని అడగాల," అన్నారు.

"ఏ కంపెనీ మాస్టారూ?"

ఆయన గిటారు తలని నా వైపు తిప్పారు. నల్లటి చెక్క మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు. బి, ఆర్, ఇ, యు. అక్కడిదాకా ఎలాగో నెట్టుకొచ్చాను. ఆ తర్వాత టి, ఎస్, సి, హెచ్. ఊపిరి పీల్చుకోవడానికి మధ్యలో ఒక్క అచ్చు కూడా లేదు.

"ఏటని సదవాలి దీన్ని?"

"నేను బ్రూచ్ అంతానమ్మా. తప్పో ఒప్పో నాకు తెల్దు. మా ఊరి ముసిలమ్మలు బుచ్చి అంతారు."

మావారు తూకం ఆపి వచ్చి చూశారు. "బ్రెవుట్స్చ్," అన్నారు. అనేసి మూతి తుడుచుకున్నారు. నాకేమో బ్రియుట్స్ అనిపించింది. తెలుగులో ఇలాంటి చిక్కు ఉండదు. రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం. ఇక్కడ అక్షరాలన్నీ కళ్ళెదుట ఉన్నా నోరు పెగలడం లేదు. గిటారు ఆయనది కాబట్టి ఆయన మాటే చెబుదామని నంబరు నొక్కాను.

లైను గరగరలాడుతూ కలిసింది.

"అండీ, ముంచింగిపుట్టు నుంచండీ. బ్రూచ్ గిటారుకి మర కావాలండీ!"

"బ్రష్షా?"

"బ్రష్షు కాదండీ, బ్రూచ్!"

"చీరకి పెట్టుకునేదా? ఫాన్సీ షాపు పక్క వీధమ్మా," అని పెట్టేశాడు.

మళ్ళీ కలిపి నేననుకున్నట్టు బ్రియుట్స్ అన్నాను. బూట్సు మేం అమ్మం అన్నాడు. మావారు పక్కనుంచి "అక్షరాలు సెప్పు, అక్షరాలు," అని మోచేత్తో పొడుస్తున్నారు. మూడోసారి అక్షరాలే చెప్పడం మొదలుపెట్టాను.

"రాసుకోండి. బి. ఆర్..."

"ఆరా? ఆరు కావాలా?"

"ఆరు కాదండీ, ఒకటే. ఆర్!"

"ఆరు అంటావు, ఒకటి అంటావు. ఏటమ్మా నీ గోల? ఇంతకీ గిటారుకి తీగలెన్ని?"

"ఆరు."

"అదే కదా నేనంటున్నాను! ఆరు మరల సెట్టు బస్సుకి వేస్తాను. కంపెనీ పేరుతో పనేటి?"

రిసీవరు పెట్టేశాక గానీ జరిగిందేమిటో నాకు అర్థం కాలేదు. బేరం కుదిరిందా, లేక నా గోల వదిలించుకోవడానికి అలా అన్నాడా? మాస్టారు నా మొహంలోకి చూస్తున్నారు. "పంపుతానన్నాడు మాస్టారూ," అన్నాను. ఏం పంపుతాడో మాత్రం చెప్పలేకపోయాను.

మరలు వచ్చాయి. వాటిలో ఒకటి, కన్నంలో కొంచెం వదులైతే వెదురు పేడు దోపి, మాస్టారే బిగించుకున్నారు. క్రిస్మస్ కి మమ్మల్ని పిలిచారు. మేం వెంకన్న పటానికి దండం పెట్టుకుని కొట్టు తెరిచేవాళ్ళం. చర్చిలో అడుగు పెట్టడం నాకు అదే మొదటిసారి. ఆయన వాయిస్తుంటే ఆడవాళ్ళు వాళ్ళ భాషలో పాడారు. నాకు ఒక్క ముక్క తెలియకపోయినా చాలాసేపు కూర్చోబుద్ధేసింది. బయటికి వచ్చాక ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. అందులో నాకు అర్థమైంది బుచ్చి ఒక్కటే.

ఆ పేరు అక్కడితో నన్ను వదిలిపెట్టాల్సింది. వదల్లేదు. బూత్ లో ఊరికే కూర్చున్నప్పుడు పాత బిల్లుల వెనక ఆ అక్షరాలు రాసి, ఒక్కోసారి ఒక్కోలా పలుక్కునేదాన్ని.

కొన్నేళ్ళకి కాఫీ తోటలు చూడ్డానికి జర్మనీ నుంచి ఒకాయన వచ్చి, ఇంటికి ఫోన్ చేసుకుంటానని మా బూత్ లోకి దూరాడు. గిటారు కంపెనీవాళ్ళు జర్మనీ మూలం వాళ్ళని మాస్టారు ఎప్పుడో అన్నారు. ఫోన్ అయిపోయాక అక్షరాలు రాసి ఆయన ముందు పెట్టాను. చూడగానే "బ్రోయ్చ్," అన్నాడు. తడుముకోలేదు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆయన ఇంకేదో చెప్పాడు. ఆయన్ని తీసుకొచ్చిన డ్రైవరు దాన్ని తెలుగులో చెప్పాడు.

"ఈ పేరు ఆళ్ళ దేశంలో అయితే అలా పలుకుతారంట. ఈ గిటార్ల కంపెనీ వాళ్ళు తాతల నాడే అమెరికా పోయారంట. ఆళ్ళు అక్కడ బ్రోయ్చ్ అనే అంటన్నారో, ఏటంటన్నారో, ఈయనకి తెల్దంట."

"అయితే ఏది కరెక్టు?"

నా ప్రశ్నని డ్రైవరు ఆయన్ని అడిగాడు. ఆయన భుజాలెగరేసి కారెక్కాడు.

మరుసటి సంతకి మాస్టారు రాగానే ఇదంతా చెప్పాను. ఆయన రెండు మూడుసార్లు బ్రోయ్, బ్రోయ్ అని చూసుకున్నారు. తర్వాత నవ్వారు.

"మా ఊరికీ ఇదే గొడవమ్మా. బస్సు బోర్డు మీద ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు. మేం పిలుసుకునేది మూడోది."

"మరి ఎవరైనా అడిగితే ఏటి సెప్తారు?"

"అడిగినోడు బస్సోడా, ఆఫీసరా అని సూస్తాను."

నాకు నవ్వొచ్చింది గానీ మనసు కుదుటపడలేదు. వస్తువు ఒకటే అయినప్పుడు దానికి ఒక సరైన పేరుండాలి కదా. ఎవరో ఒకరికి అది తెలిసి ఉండాలి. తెలిసేది గిటారు ఇచ్చిన నర్సమ్మకే అని నిశ్చయించుకున్నాను. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న మనిషి కోసం ఎదురుచూడడం ఏమిటని నన్ను నేనే కోప్పడ్డాను కూడా.

ఆమె నిజంగానే వచ్చింది. అప్పటికి సెల్ ఫోన్లు వచ్చి బూత్ లో జెరాక్స్ మిషను పెట్టుకున్నాం. నెరిసిన జుట్టు, నలిగిన చుడీదారు. ఆసుపత్రిని చూసి, మాస్టారిని వెంటబెట్టుకుని ఆయన ఊరికి వెళ్తూ దారిలో మా కొట్టు దగ్గర జీపు ఆపించింది. మాస్టారు నన్ను చూపించి, "గిటారుకి మర తెప్పించింది ఈయమ్మే," అన్నారు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. నేను మర్యాదలన్నీ మర్చిపోయి, "అమ్మగారూ, ఆ గిటారు పేరు ఎలా పలకాలండీ?" అనేశాను.

ఆమె మెల్లగా, వచ్చిన తెలుగులోనే చెప్పింది.

"నాకూ తెలీదమ్మా. మా ఊళ్ళో కొన్నాను. పేరు తప్పుగా చెప్తే షాపులో నవ్వుతారు అని భయం. అందుకే, అది ఇవ్వండి, అని వేలుతో చూపించాను."

"ఇన్నేళ్ళూ ఎవర్నీ అడగలేదా?"

"అడగలేదు. సిగ్గు."

నా కంటే మాస్టారే ఎక్కువ తెల్లబోయారు. జీపు ఎక్కాక కూడా ఆయన వెనక సీటులోంచి ముందుకి వంగి ఆమెని ఏదో అడుగుతూనే ఉన్నారు. వాన దిగకముందే ఘాటీ దాటాలని డ్రైవరు "బేగి, బేగి" అంటూ ఇంజను స్టార్టు చేశాడు. ఆ చప్పుడులో ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు.