నొక్కని దుంప

బొగ్గింజన్ల రోజులు. టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన కూర్చున్నావిడ, గోనెసంచిలోంచి డాలియా పూలమొక్కల దుంపలు ఒక్కొక్కటే తీసి బొటనవేలితో నొక్కుతోంది. వేలు దిగబడిపోతే పక్కన పడేస్తోంది.

"ఏటేటా వానలకి ముందే ఆయన తవ్వి, పొడి ఇసకలో దాచీవోరు," అంది నాతో. "ఈ ఏడు ఎండల్లో ఆయనే ఎలిపోనారు. నాకేటి తెలుసు? క్వార్టర్ ఖాళీ చేసీమన్నాక ఇప్పుడు తవ్వినాను. అన్నీ కుళ్ళిపోనాయి తల్లీ. ఆయన చేత్తో పెట్టినవి ఇంకేటీ లేవు."

సంచిలో ఒక్కటే మిగిలింది. దానిమీద వేలు ఆనించి, నొక్కబోయి ఆగింది.

"గట్టిగానే ఉందేమో, చూడండి," అన్నాను.

"వద్దమ్మా."

నొక్కకుండానే దాన్ని కొంగున ముడేసుకుంది. రైలొచ్చేదాకా ఆ ముడిని చేత్తో తాకనైనా లేదు.